ఏడాదికి రెండు వేళ్ళు

మా నాన్న పెట్టిన రాయి వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ఈ మాట ఇప్పుడు ఎవరి ముందైనా గొంతెత్తి చెబుతాను. ఆ ఏడు ఎండాకాలం మొదట్లో మాత్రం మా ఇంట్లో ఆ మాట అనే ధైర్యం ఎవరికీ లేకపోయింది, నాన్నతో సహా.

నాన్న రాతి మేస్త్రి. మా ఊరి క్వారీలో చరియ విరిగిపడి ముప్ఫై ఒక్కమంది పోయిన చోట, వాళ్ళ కుటుంబాలవాళ్ళు పట్టుబట్టి గుండ్రటి స్మారక మందిరం ఒకటి కట్టించుకున్నారు. దానికి కిటికీలు లేవు. ఒక గుమ్మం, గుమ్మానికి ఎదురుగోడలో మూడంతస్తుల ఎత్తున ఒక గుండ్రటి కన్నం, అంతే. మార్చి ఇరవై ఆరున, చరియ పడ్డ నిమిషానికి, అంటే మధ్యాహ్నం పన్నెండూ పదికి, ఆ కన్నంలోంచి ఎండ దిగి నేల మధ్యనున్న నల్లరాయి మీద పడాలి. పళ్ళెమంత రాయి, పళ్ళెమంత వెలుగు. నేల పరిచిందీ, ఆ రాయి కూర్చోబెట్టిందీ నాన్నే. కట్టిన ఏడు వెలుగు ఆ రాయికి మూత పెట్టినట్టు పడింది. ఆ రోజు నాన్న ఇంటికొచ్చి భోజనం చేసి, చేసిన సంగతి మర్చిపోయి గంట తర్వాత మళ్ళీ పళ్ళెం ముందు కూర్చున్నాడు.

తర్వాతి రెండేళ్ళూ జనం ఆ రాయి మీదా, చుట్టూ పూలగుచ్ఛాలు గుట్టగా పోసేశారు. వెలుగు ఎక్కడ పడిందో ఆ పూలకే తెలియాలి. మూడో ఏడు మందిరం కమిటీ ప్రెసిడెంటు గారు, "పూలన్నీ గోడ పక్కన పెట్టండి. రాయిని చూడనివ్వండి" అన్నారు. గోడ మీద చెక్కిన పేర్లలో మొదటిది ఆవిడ భర్తది. ఆవిడ మాటకి అడ్డు చెప్పే మనిషి ఆ కమిటీలో లేడు.

పన్నెండూ పది అయింది. రెండొందల మంది ఊపిరి బిగబట్టుకుని నుంచున్నారు. వెలుగు దిగింది. సగం నల్లరాయి మీద, సగం గుమ్మం వైపు తెల్లటి బండల మీద.

"కాస్త ఆగితే జరుగుతుందేమో" అన్నారెవరో. జరిగింది, పక్కకి. రాయిని ఇంకాస్త వదిలేసి పోయింది.

మందిరానికి డ్రాయింగు గీసిన ఇంజనీరు గారు చప్పున సుద్దముక్క తీసి, వెలుగు సరిగ్గా పన్నెండూ పదికి ఉన్న చోట చుట్టూ గీశారు. తర్వాత డ్రాయింగు విప్పి, టేపు పెట్టి కొలిచి, నాన్న వైపు తిరిగారు.

"మేస్త్రిగారూ, డ్రాయింగు ప్రకారం ఈ రాయి ఇంకో మూడు వేళ్ళు గుమ్మం వైపు ఉండాలి."

"అవునండీ" అన్నాడు నాన్న.

"అంటే, మీకు తెలుసా?"

"తెలుసు. నేను కాగితం చూసి పెట్టలేదు, ఎండ చూసి పెట్టాను."

ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. ఆ నవ్వినవాడి కాలు తొక్కుదామనుకున్నాను గానీ జనంలో ఎవరో పోల్చుకోలేకపోయాను. "మీ డ్రాయింగు చెప్పిన చోటా పడలేదు కదా సార్ ఎండ!" అని నేను అంటూ ఉండగానే నాన్న నా చెయ్యి పట్టుకుని నొక్కాడు.

ప్రెసిడెంటు గారు గొంతు పెంచలేదు. "మేస్త్రిగారూ, మాకు ఆ నిమిషం ఏడాదికి ఒక్కసారే వస్తుంది" అన్నారు. అంతే అన్నారు. తిట్టినా బాగుండేది. తర్వాత ఇంజనీరు గారితో, "రాయి లేపించి, ఇవాళ వెలుగు పడ్డ చోట పెట్టించండి. పై ఆదివారానికి అయిపోవాలి" అన్నారు.

"నేను చేస్తానండీ" అన్న గొంతు విని వెనక్కి తిరిగాను. మా అన్నయ్య.

*

అన్నయ్య కూడా మేస్త్రే. తాపీ పట్టుకోవడం దగ్గర్నుంచీ నేర్పింది నాన్నే. ఆ సాయంత్రం వంటింట్లో వాడి మీద విరుచుకుపడ్డాను.

"సిగ్గు లేదూ నీకు? నీకు పని నేర్పిందెవరు?"

"ఆయనే. అందుకే ఒప్పుకున్నాను" అన్నాడు వాడు. "రాయి ఎలాగూ లేవక తప్పదు. ఎవడో వచ్చి గడ్డపార దించితే అంచులు ఎగిరిపోతాయి. నేనైతే చెక్కు చెదరకుండా తీస్తాను."

నాన్న గుమ్మంలో నుంచుని విన్నాడు. "నేను పెట్టింది నువ్వు పీకుతావన్నమాట."

"పీకడం కాదు నాన్నా. జరపడం."

"ఏదైతేనేం."

అంతటితో ఇద్దరికీ మాటలు బంద్. మూరెడు దూరంలో కూర్చుని భోజనం చేస్తూ, "నీళ్ళు ఇటు జరపమని చెప్పు వాడికి" అని నాన్న అమ్మతో అనేవాడు. "పక్కనే ఉన్నాయి, అందుకోమని చెప్పు" అని అన్నయ్య అమ్మతోనే అనేవాడు. నాలుగు రోజులు చూసింది అమ్మ. ఐదో రోజు నీళ్ళ జగ్గు ఇద్దరికీ మధ్య ఠపీమని పెట్టి, "నేనేమన్నా టెలిఫోన్ ఎక్స్ఛేంజీనా? నా నోటికీ కాస్త ముద్ద పోనివ్వండి" అంది. ఇంకో రోజైతే నాన్న నవ్వేవాడే.

నన్ను భయపెట్టింది ఆ అలక కాదు. నాన్న ఇంజనీరుని తిట్టలేదు. కమిటీని తిట్టలేదు. తన పనిని ఎవరైనా వేలెత్తి చూపిస్తే ఇంటి కప్పు ఎగిరిపోయేలా అరిచే మనిషి, తప్పు చేసినవాడిలా తలవంచుకుని తిరుగుతున్నాడు.

గురువారం నాకు ప్రెస్సుకి సెలవు. నాన్న పదకొండింటికే సంచి భుజాన వేసుకుని బయల్దేరితే వెనకే వెళ్ళాను. మందిరంలో ఎవరూ లేరు. నాన్న గోడ పక్కన తూకం గుండు వేలాడదీసి, దారం నిశ్చలంగా ఆగేదాకా కదలకుండా నుంచున్నాడు. తర్వాత రసమట్టం తీసి నల్లరాయి మీద పెట్టి, నేల మీద బోర్లా పడుకుని బుడగని చూశాడు. ఈ వయసులో ఆయన అలా పడుకోవడం చూసి ఆపుకోలేక పిలిచేశాను.

"ఏం చేస్తున్నావు నాన్నా?"

ఉలిక్కిపడి లేచాడు. నేను ఒక్కదాన్నే అని చూసుకుని, మళ్ళీ కూర్చుని, తెల్లబండ మీద బొటనవేలితో రుద్దాడు. వేలి కింద మైనం ఊడి వచ్చింది. మైనం కింద సన్నటి ఉలిగాటు ఉంది. దాని పక్కన ఇంకోటి. దాని పక్కన ఇంకోటి, కొత్తది.

"మొదటి గాటు కట్టిన మరుసటి ఏడుది" అన్నాడు. "అందరూ పోయేదాకా ఆగి, వెలుగు అంచు ఎంతవరకు వచ్చిందో గుర్తున్న చోట పెట్టాను. పూలు పోసినా అంచు దాగలేదు నాకు. రెండోది నిరుడు. మూడోది మొన్న."

"అంటే ఇది మొదటి గాటు నుంచీ నీకు తెలుసా?"

"తెలుసు." ఊడిన మైనాన్ని వేళ్ళ మధ్య నలిపాడు. "గోడ వాలుతోందేమో, నేల కుంగుతోందేమో అని వచ్చి చూసుకుంటున్నాను. గుండు సరిగానే ఆగుతుంది. బుడగ నడిమధ్యే నిలుస్తుంది. అయినా వెలుగు పక్కకి పోతోంది. ముప్ఫై ఒక్కమంది నేల కింద పోయిన చోట, నా పని కింద కూడా నేల కదులుతోందని ఎవరితో చెప్పమంటావమ్మా? చెబితే తలుపులు మూసేస్తారు. చెప్పకపోతే రేపు ఎవరి నెత్తిన పడుతుందో. రెండేళ్ళుగా కంటి మీద కునుకు లేదు."

నాకు ఏడుపొచ్చింది. ఆయన ముందు ఏడిస్తే ఇంకా కుంగిపోతాడని, ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి వేళ్ళతో గాట్ల మధ్య దూరం కొలిచాను. రాయి అంచు నుంచి మొదటి గాటుకి రెండు వేళ్ళ పైచిలుకు. మొదటి దాన్నుంచి రెండోదానికీ అంతే. మూడోదానికీ అంతే.

"నీ వేళ్ళు పనికిరావు, పుల్లలు" అని తన వేళ్ళు పెట్టాడు నాన్న. రెండు, రెండు, రెండు. సరిగ్గా సరిపోయాయి.

"కుంగే నేల ఇలా కొలత పెట్టుకుని కుంగుతుందా నాన్నా?"

"అదే నాకూ అంతుపట్టనిది."

"మరి ఈ రాయి సరైన చోటే పెట్టానని అంత గట్టిగా ఎలా అనుకున్నావు?"

అప్పుడు చూడాలి ఆయన మొహం. పని సంగతి అడిగితే చాలు, వెన్ను నిటారుగా అయిపోతుంది. "మార్చి ఇరవై మూడు, ఇరవై నాలుగు, ఇరవై ఐదు, మూడు రోజులూ పన్నెండూ పదికి వెలుగు పడ్డ చోటల్లా గుర్తు పెట్టాను. రోజుకి ఎనిమిది వేళ్ళు, గుమ్మానికి దూరంగా, కన్నమున్న గోడ వైపు జరుగుతోంది. ఇరవై ఆరో తారీకు పొద్దున్నే, మూడో గుర్తు నుంచి ఎనిమిది వేళ్ళు కొలిచి రాయి కూర్చోబెట్టాను. మధ్యాహ్నం వచ్చి నిండుగా పడింది. ఇంకెవరిని నమ్మమంటావు, కాగితాన్నా?"

గాట్లని మళ్ళీ మైనంతో పూడ్చి, లేచి సామాను సంచిలో వేసుకుంటూ, "ఈ గాట్ల సంగతి ఎవరికీ చెప్పకు" అన్నాడు. చెప్పనని మాటిచ్చాను.

*

నేను పనిచేసేది క్యాలెండర్లు వేసే ప్రెస్సులో. వచ్చే ఏటి క్యాలెండర్ల పేజీలు మాకు ఎండాకాలంలోనే మొదలవుతాయి. శుక్రవారం నాకు పని మీద ధ్యాస లేదు. జనవరి, ఫిబ్రవరి, మార్చి పేజీలు పేర్చి ప్రూఫు తీసి కళ్ళజోడు బాబాయికి పంపాను. ఆయన మా ప్రూఫ్ రీడరు. ఒక కళ్ళజోడు కళ్ళకి, ఇంకోటి నెత్తికి. ఐదు నిమిషాల్లో ప్రూఫు పట్టుకుని వచ్చాడు.

"ఏమ్మా, ఒక రోజు మింగేశావు, అరిగిందా?"

ఫిబ్రవరిలో ఇరవై ఎనిమిది గడులే పెట్టాను. పాత పేజీ మీద కొత్తది పేర్చేవాళ్ళం మేమందరం ఎప్పుడో ఒకప్పుడు చేసే తప్పే అది.

"వచ్చే ఏడు లీపు సంవత్సరం తల్లీ. ఒక్క గడి ఎగరగొట్టావు, మార్చి మొత్తం ఒకరోజు ముందుకొచ్చి కూర్చుంది చూడు. ఈ లెక్కన జనం ఆదివారం అనుకుని సోమవారం పడుకుంటారు."

ఎప్పుడూ దిద్దేసి ఊరుకునేదాన్ని. ఆ రోజు మాత్రం ఆ గడి దగ్గరే నా కళ్ళు ఆగిపోయాయి. "అసలు ఎందుకు కలుపుతారు బాబాయ్ ఈ రోజుని?"

"ఇన్నేళ్ళుగా పేజీలు పేరుస్తూ ఇది తెలియదా? ఏడాదంటే మూడువందల అరవై ఐదు రోజులూ ఇంకో పావూ. ఆ పావుని ఏ గడిలో పెడతాం? వదిలేస్తాం. మన క్యాలెండరు తారీకు చేరేసరికి సూర్యుడు ఇంకా పావు రోజు నడక దూరంలో ఉంటాడు. మరుసటి ఏటికి అరరోజు. ఆ పై ఏడు ముప్పావు. నాలుగో ఏట మనమే ఒక రోజు ఆగి ఆయన్ని కలుపుకుంటాం."

రోజుకి ఎనిమిది వేళ్ళు. ఎనిమిదిలో పావు.

"రెండు!" అని అరిచేశాను. మిషను దగ్గరవాళ్ళు కూడా తిరిగి చూశారు.

"ఏం రెండు? ఇరవై తొమ్మిది. ముందు అది పెట్టు" అన్నాడు బాబాయి.

ఆ సాయంత్రం నాన్నకి అంతా చెప్పాను. కట్టింది లీపు సంవత్సరంలో. ఆ తర్వాత మూడేళ్ళుగా ఏడాదికి పావు రోజు చొప్పున వెలుగు వెనకబడుతోంది. గోడ వాలలేదు, నేల కుంగలేదు, వచ్చే ఏడు వెలుగు దానంతటదే రాయి మీదకి వస్తుంది. ఇప్పుడు రాయిని జరిపితేనే వచ్చే ఏడు తప్పవుతుంది. నాన్న తన చేతివేళ్ళని చూసుకుంటూ విన్నాడు. "ఊఁ" అన్నాడు. నమ్మాడో లేదో తెలియలేదు.

*

ఆదివారం పదింటికి మందిరంలో ఏడెనిమిది మందిమి ఉన్నాం. అన్నయ్య గడ్డపార, చెక్క దిమ్మెలు, గోనెపట్టాలు తెచ్చుకున్నాడు. రాయి చుట్టూ పట్టాలు ఎంత జాగ్రత్తగా పరిచాడంటే, వాడి మీద కోపం నిలబెట్టుకోవడం నాకు కష్టమైపోయింది. వాడు గడ్డపార ఎత్తకముందే నేను వెళ్ళి రాయి పక్కన క్యాలెండరు పేజీలు పరిచాను, కట్టిన ఏటి నుంచి వచ్చే ఏటిదాకా.

నాకు ఉపన్యాసాలు రావు. సుద్దముక్కతో నాలుగు గీతలు గీసి, బాబాయి చెప్పినట్టే చెప్పాను. ఇంజనీరు గారు మొదట చేతులు కట్టుకుని విన్నారు. మధ్యలో చేతులు విప్పేశారు. చివరికి డ్రాయింగు నేల మీద పరిచి మోకాళ్ళ మీద కూర్చున్నారు.

"సున్నా, రెండు, నాలుగు, ఆరు. సగటు మూడు" అని తనలో తను అనుకున్నారు. తర్వాత పైకే అన్నారు. "సూర్యుడి గతి చెప్పే పట్టికలోంచి నేను తీసుకున్న అంకె నాలుగేళ్ళ సగటు అయ్యుండాలి. అందుకే డ్రాయింగుకీ రాయికీ మూడు వేళ్ళ తేడా. ఇది నాకు తట్టి ఉండాల్సింది."

ఆ మాట ఒప్పుకున్నందుకు ఆయన మీద నా కోపం సగం దిగిపోయింది.

ప్రెసిడెంటు గారు మాత్రం నా వైపే చూస్తున్నారు. "లెక్క బాగానే ఉందమ్మా. ఏడాదికి రెండు వేళ్ళ చొప్పునే జరిగిందని నువ్వు చూశావా? నిరుడూ ముందేడూ ఇక్కడ పూలు తప్ప ఎవరికీ ఏమీ కనిపించలేదు. మొన్న ఒక్కసారే ఆరు వేళ్ళు జరిగి ఉంటే?"

చెప్పాల్సింది నా కాళ్ళ దగ్గరే మైనం కింద ఉంది. ఎవరికీ చెప్పనని మాటిచ్చి ఉన్నాను. నాన్న వైపు చూడకుండా ఉండటానికి నేను పడ్డ అవస్థ ఇంతా అంతా కాదు.

నాన్నే వచ్చాడు. నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, జేబులోంచి చిన్న చాకు తీసి, ఒక్కొక్క గాటులోంచి మైనం గీకాడు. గీకిన మైనాన్ని ఉండచేసి జేబులో వేసుకున్నాడు, నేల పాడవుతుందని.

"నేను చూశానండీ. మూడేళ్ళూ" అన్నాడు. "చూసి దాచాను. నా పని కింద నేల కుంగుతోందనుకున్నాను. మీ అందరి ముందూ చెప్పడానికి మొహం చెల్లలేదు."

అన్నయ్య గడ్డపారని గోడకి ఆనించి వచ్చి గాట్ల పక్కన కూర్చున్నాడు. తన వేళ్ళు పెట్టి కొలిచాడు. వాడి వేళ్ళు నాన్నవే. రెండు, రెండు, రెండు.

"ఇన్నాళ్ళూ ఒక్కడివే మోశావా నాన్నా?" అన్నాడు. పదకొండు రోజుల తర్వాత వాడు నాన్నతో నేరుగా అన్న మొదటి మాట అది.

"డ్రాయింగు ప్రకారం పెట్టి ఉంటే ఏమయ్యేది?" అని ప్రెసిడెంటు గారు ఇంజనీరు గారిని అడిగారు.

"ఏ ఏడూ మరీ దూరంగా పడేది కాదండీ. ఏ ఏడూ నిండుగా కూడా పడేది కాదు."

"మేస్త్రిగారు పెట్టినట్టే ఉంచితే?"

"నాలుగేళ్ళకోసారి నిండుగా పడుతుంది. అప్పుడు కూడా బియ్యపు గింజంత తేడా వస్తుంది. అది పేరుకుంటే వందేళ్ళకోసారి ఒక ఇరవై తొమ్మిది ఎగరగొట్టి దాన్నీ సరిచేస్తారు."

"అప్పటికీ రాయి ఉంటుంది" అన్నాడు నాన్న, అడగకపోయినా. అది గొప్ప కాదు. పని తెలిసినవాడు చెప్పే మాట.

"ఉంచండి" అన్నారు ప్రెసిడెంటు గారు. "ఏటా కాస్త కాస్త తప్పడం నాకొద్దు. ఒక్కసారైనా ఆయన నిమిషం నిండుగా రావాలి. మిగతా మూడేళ్ళూ ఎదురుచూస్తాం. అది మాకు చేతనైన పనే." అని, వంగి గాట్ల మీద చెయ్యి పెట్టి చూశారు. "వీటిని ఇలా దొంగచాటుగా ఉంచకండి మేస్త్రిగారూ. శుభ్రంగా గీతలు చెక్కండి. ఏ ఏడు వెలుగు ఎక్కడుంటుందో మా పిల్లలకి కూడా తెలియాలి."

నాన్న సంచిలోంచి ఉలి తీశాడు. తీసి, అన్నయ్య చేతికిచ్చాడు.

ఆ వారమంతా ఇద్దరూ అక్కడే ఉన్నారు. నేను భోజనం పట్టుకెళ్ళేసరికి ఎప్పుడూ గొడవే. లోతు ఎక్కువైందని ఒకరు, తక్కువైందని ఒకరు. వాళ్ళ అరుపులు గుండ్రటి గోడలకి కొట్టుకుని రోడ్డు మీదకి వినిపించేవి. అమ్మకి చెబితే, "హమ్మయ్య" అంది.

*

మరుసటి ఏడు మార్చి ఇరవై ఆరున ఎండ మహా జోరుగా కాసింది. ఆ ముందు నెలకి ఇరవై తొమ్మిది గడులు పేర్చింది నేనే. మూడుసార్లు లెక్కపెట్టుకున్నాను కూడా. మందిరం కిక్కిరిసిపోయింది. రాయి పక్కన మేస్త్రి నుంచోవాలని కమిటీవాళ్ళు కబురు పెడితే, నాన్న అన్నయ్యని పంపించాడు. తను బయట మెట్టు మీద కూర్చుని ఎవరిదో బూటు తగిలి పెచ్చు లేచిన అంచుని వేలితో తడుముతున్నాడు.

"పన్నెండూ ఎనిమిది అయింది నాన్నా, లోపలికి రా" అన్నాను.

"నువ్వెళ్ళు."

లోపలికి పరిగెత్తాను. భుజాల మధ్యనుంచి అన్నయ్య మొహం కనిపించింది. వాడు కిందకి చూడటం లేదు, కన్నం వైపే చూస్తున్నాడు. వెలుగు దిగింది. చెక్కిన మూడు గీతల్లో దేన్నీ తాకకుండా వచ్చి, నల్లరాయి అంచుకి అంచు కలిపి కూర్చుంది. నల్లగా మిగిలిన చోటు ఉంటే గింటే బియ్యపు గింజంత. ముప్ఫై ఒక్క పేర్లూ చదివారు. ఆ నిమిషంలో మా నాన్న కూతుర్ని అయినందుకు నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు.

జనం కదలకముందే ప్రెసిడెంటు గారు బయటికొచ్చారు. నేనూ వెనకే వచ్చాను. ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు. మెట్టు మీద, నాన్న పక్కన కూర్చున్నారు.

"మేస్త్రిగారూ, నిండుగా పడింది. మీరు చూడలేదే?"

నాన్న ఆ పెచ్చు అంచు నుంచి చెయ్యి తియ్యలేదు.

"చూసే కదమ్మా పెట్టాను" అన్నాడు.